ఎర్ర నేల మీద నిలబడ్డ అడవి పంది

అనగనగా, కొండలు ఇంకా నడక మానని రోజుల్లో, ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ప్రతి జంతువు దగ్గరా ఒక మాయ అద్దం. ఎవరి గుహలో వాళ్ళు, ఎవరి కొమ్మ మీద వాళ్ళు కూర్చుని అద్దంలోకి చూస్తే చాలు, అందరూ కలిసి ఒకే ఆటలోకి దిగేవారు. ఒకరి మాట ఒకరికి వినపడేది. ఆ ఆట పిచ్చిలో ఒక ఎలుగుబంటి పన్నెండేళ్ళు లేవనే లేదు. దాని వీపు మీద చింత చెట్టు మొలిచి కాయలు కూడా కాసింది.

ఆటలో ఒక ఇనుప కోట. కోటలో నిప్పులు కక్కే పాము. దాని తోక దగ్గర బయలుదేరిన చీమ తల దగ్గరికి చేరేసరికి ముసలిదైపోయేది. ఆ పాము మీదికి పదిమంది జట్టుగా వెళ్ళాలి. తొమ్మిది మంది కొట్టాలి, ఒకరు మందు పోసి గాయాలు మాన్పాలి. ఏడాదికి మూడు దాడులే. మూడూ ఓడితే కోట తలుపు మళ్ళీ ఏడాదికి గానీ తెరుచుకోదు.

అలాంటి ఒక జట్టుకు నాయకుడు రణభీకరుడనే అడవి పంది. మందు పోసేది కాటుకమ్మ అనే దేవాంగ పిల్లి. పిడికెడు ఒళ్ళు, పళ్ళేలంత కళ్ళు, చెట్టు మీద ఒంటరి బతుకు. ఆమెకు ఆ జట్టే లోకం.

పాము బుస కొట్టే ముందు కాళ్ళ కింద నేల ఎర్రబడుతుంది. అప్పుడు పక్కకు జరగాలి. జరిగితే పామును కొట్టడం ఆగుతుంది. ఎవరు ఎన్ని దెబ్బలు కొట్టారో అద్దం అంచున అంకెలు పడుతుంటాయి. రణభీకరుడి చూపంతా వాటి మీదే. తన పేరు రెండో వరుసకు దిగితే ఆ పూట దుంపలు సహించేవి కావు. అందుకని నేల ఎర్రబడినా జరిగేవాడు కాదు.

మొదటి దాడిలో రణభీకరుడు కాలి బూడిదయ్యాడు. జట్టు ఓడింది.

"అంతంత కళ్ళేసుకుని, నేను చస్తుంటే కనపడలేదా నీకు?"

"కనపడబట్టే చెబుతున్నాను దొరా. నేల ఎర్రబడితే ఒక్క అడుగు పక్కకు జరగండి."

"జరగడానికి నేను పీతనా? నోరు మూసుకుని మందు పొయ్యి, చాలు."

జట్టంతా నవ్వింది. చురకయ్య అనే ముంగిస అందరికంటే గట్టిగా నవ్వాడు.

రెండో దాడిలోనూ అంతే. ఈసారి రణభీకరుడు తిట్టిన తిట్లకు మూడు వాగులు వెనక్కి పారాయి. "ఇక నువ్వు రాకు. పురుగులేరుకుని బతుకు" అన్నాడు. తక్కిన ఎనిమిది మందీ తలలూపారు.

"సరే దొరా" అంది కాటుకమ్మ. ఆమె అద్దం నల్లబడింది.

మూడో దాడికి పేరున్న వైద్యురాలిని, పికిలిపిట్టను, పిలిపించారు. "ముందు మీ పాత దాడి చూడనివ్వండి" అందామె. జరిగిందంతా అద్దం దాచుకునే ఉంటుంది మరి. పదిమందీ చూశారు.

పద్దెనిమిది సార్లు నేల ఎర్రబడింది. పద్దెనిమిది సార్లూ రణభీకరుడు అక్కడే ఉన్నాడు. కాటుకమ్మ మందంతా అతని మీదే పోస్తోంది. చివరికి ఆమె ఒంటికే నిప్పంటుకుంది. చేతిలో ఒక్క చుక్క మిగిలింది. ఆ చుక్క కూడా అతని మీదే పోసింది. అతను అంకెలు చూసుకుంటున్నాడు.



"ఈమెనా వెళ్ళగొట్టారు? ఇంతకన్నా బాగా పొయ్యడం నాకూ రాదు" అని పికిలిపిట్ట వెళ్ళిపోయింది.

రణభీకరుడి చెవులు సిగ్గుతో ఎంత ఎర్రబడ్డాయంటే, పక్క గుహల వాళ్ళు వచ్చి చలి కాచుకున్నారు. అద్దం పక్కన పెట్టి కాటుకమ్మ చెట్టు దాకా నడిచాడు. తల పైకెత్తలేకపోయాడు.

"కాటుకమ్మా, తప్పు నాది."

"ఇక్కడంటే ఎవరికి వినపడుతుంది దొరా? తిట్టింది అందరిలో కదా."

మర్నాడు రణభీకరుడు అడవి మొత్తం వినేలా అద్దంలో ఆ మాటే అన్నాడు. "నేనూ జరగలేదు. పైగా నవ్వాను" అన్నాడు చురకయ్య.

కాటుకమ్మ వచ్చింది. మూడో దాడిలో నేల ఎర్రబడ్డ ప్రతిసారీ అందరూ జరిగారు. పాము కూలింది. అంకెల్లో రణభీకరుడి పేరు అట్టడుగున పడింది. కోతులు చూసి నవ్వాయి. అతను ఓర్చుకున్నాడు.

పాము కిరీటం కాటుకమ్మ ముందు పెట్టాడు. "నీదే. వచ్చే ఏడు కూడా రావాలి."

"ఆట మీద ఇష్టంతో వచ్చాను దొరా. మీ మాటలు మాత్రం ఇంకా చెవిలోనే ఉన్నాయి. వచ్చే ఏడు పికిలిపిట్ట తన జట్టులోకి రమ్మంది. వెళ్తున్నాను."

వెళ్ళిపోయింది. జట్టువాళ్ళు కిరీటం తీసి నాయకుడికే పెట్టబోయారు. వంగిన తల మీద అది నిలవలేదు.

తన తప్పు చూసుకోకుండా తోటివాళ్ళ మీద నోరు పారేసుకునేవాడు గెలిచినా తలెత్తుకోలేడు.