రాజావారి జీపులో మజ్జిగ కుండ

చక్రాలన్నిటికీ సమాన న్యాయం జరగాలని రాజా సర్వోత్తమ భూపతిగారికి ఆ పొద్దున ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది.

సంస్థానం తాతల నాడే పోయింది. మిగిలింది కోట, ఆ కోటలో ఆయన నడిపే ఇంజనీరింగ్ కాలేజీ. విద్యార్థులు సొంతంగా రేసు కారు తయారుచేశారు. మర్నాడే పోటీ. కారు నడపబోయే ఉత్పలను రాజావారు దర్బారు హాలుకు పిలిపించారు.

"ఏమమ్మా, ముందు చక్రాలకు బ్రేకు ఎక్కువ, వెనక చక్రాలకు తక్కువ పెట్టారట! నా కోటలో ఈ పక్షపాతం ఏమిటి? సగం సగం చెయ్యి!"

పక్కనే ఆస్థాన సలహాదారు త్రివిక్రమరావు మీసం దువ్వుకున్నాడు. ఆ మాట రాజావారి చెవిన వేసింది ఆయనే.

ఉత్పలకు మొన్నటి సంగతి గుర్తొచ్చింది. ముందు వెనక చక్రాలకు బ్రేకు బలం పంచే మర ఒకటి పెడల్ దగ్గర ఉంది; జట్టువాళ్లు అది తిప్పి సగం సగం పెట్టి చూశారు. వెనక చక్రాలు ముందే బిగుసుకుపోయి, కారు బొంగరంలా తిరిగి గడ్డివాములో దూరింది.

"బ్రేకు వేయగానే బరువు ముందుకు తూలుతుంది, రాజావారూ. వెనక చక్రాలు తేలికైపోతాయి. అందుకే..."

"బరువు తూలడమేమిటి!" త్రివిక్రమరావు పకపకా నవ్వాడు. "ఉన్న చోటే ఉంటుంది. ఈ పిల్ల తమరి ఆజ్ఞనే కాదంటోంది. ఇంకొకరి చేత నడిపించండి."

రాజావారి కనుబొమలు ముడిపడ్డాయి. వాదిస్తే కారు నడిపే అవకాశం పోతుంది. ఒప్పుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఉత్పల చేతులు కట్టుకుంది.

"సలహాదారుగారి మాటే వింటాను. చిన్న పరీక్ష మాత్రం చేయనివ్వండి. తమరి పాత జీపు నేను నడుపుతాను. తమరు నా పక్కన కూర్చోండి. సలహాదారుగారు వెనక సీట్లో, అంచుదాకా నిండిన మజ్జిగ కుండ పట్టుకుంటారు. జోరుగా పోయి గట్టిగా బ్రేకు వేస్తాను."

ఇలాంటివంటే రాజావారికి మహా సరదా. కొత్త పట్టు తలపాగా సర్దుకుని ముందు సీటెక్కారు. ఉత్పల జీపు స్టార్ట్ చేసింది.

త్రివిక్రమరావు ఒళ్లోని కుండ వంక చూశాడు. జానెడు దూరంలో ఉన్న తలపాగా వంక చూశాడు.

"ఆగమ్మా, ఆగు! రాజావారూ, దిగండి! బ్రేకు వేస్తే మజ్జిగంతా ముందుకే, తమరి నెత్తి మీదికే వస్తుంది!"

ఉత్పల వెనక్కి తిరిగింది.

"బరువు ఉన్న చోటే ఉంటుందన్నారుగా! పోనీ, మజ్జిగను ముందుకు సగం, వెనక్కి సగం పొమ్మని ఆజ్ఞాపించండి, సలహాదారుగారూ!"

రాజావారు నవ్వాగక పొట్ట పట్టుకున్నారు. చుట్టూ చేరిన విద్యార్థులు ఈలలు వేశారు. కుండ దించే దారి తెలియక త్రివిక్రమరావు బిక్కమొహం వేశాడు.

"ఆ బ్రేకులు నీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకో, తల్లీ. ఈ జీపు కూడా మీ జట్టుకే ఇస్తున్నా," అన్నారు రాజావారు కళ్లు తుడుచుకుంటూ.