కేకకొక ఇల్లు

అనగనగా ఒక శ్రావణ మాసం. శుద్ధ దశమి, గురువారం, పశువులు ఇల్లు చేరి దీపం పెట్టే వేళ. సరిగ్గా ఆ వేళకే తవుడమ్మ, పిలుపు విని కూడా పలక్కుండా ఊరుకుంది.

అది కొండ కింద మెట్ట. ఊరనడానికి ఊరు కాదు. కేకకొక ఇల్లు, ఇంటికీ ఇంటికీ నడుమ చేలు. అందుకే పెద్దలొక కట్టడి పెట్టారు. దీపం పెట్టగానే ఒక ఇంటివారు "ఓహో... ఉన్నారా?" అని కేకవేయాలి. పక్క ఇంటివారు "ఉన్నాం!" అనాలి. పలుకు రాకపోతే దివిటీ పట్టుకుని పరుగెత్తాలి. దేవుడికి దీపం ఎంతో, అక్కడి మనిషికి ఆ పలుకు అంత.

తవుడమ్మ ఇంటికి తూర్పున ఉండేది దాలమ్మ ఒక్కతే. పిల్లాజెల్లా లేని ముసలిది, వరసకి అత్త. ఆవిడకి తోడు ఒక పాడిమేక. ఆ ఉదయం ఆ మేక తాడు తెంపుకొచ్చి, తవుడమ్మ కొత్తగా నాటిన చోడి మడిలో ఒక మూలంతా మేసేసింది. చోళ్లంటే రాగులే; ఏడాది పొడుగునా అంబలికి అవే ఆధారం.

"నోటికాడ కూడు తినేసింది కదత్తా, నీ మేక!"

దాలమ్మ బోసినోటితో నవ్వింది. "గట్టెక్కడుందో దానికి తెలుసేటే? కొత్తకోడలిగా వచ్చిననాడు నువ్వూ ఇల్లు తెలీక నా గుమ్మమే ఎక్కేశావు కాదా!"

ఆ నవ్వే ముల్లయి గుచ్చుకుంది.

సాయంత్రం కేక వినబడింది. "పలకవేటే?" అన్నాడు భర్త పైడయ్య.

"ఆ మేకనే పలకమను. నువ్వు నోరు తెరిచావంటే ఈ పూట కూడుండదు."

కాసేపటికి చేలకడ్డంగా దివిటీ వెలుగు వచ్చింది. మోకాళ్ల దాకా బురదతో దాలమ్మ. "ఏటైందో అని అదిరిపోయానే తల్లీ!" అంటే, తవుడమ్మ మొహం తిప్పుకుంది.

రెండోనాడూ పిలుపు వచ్చింది, పలుకు లేదు. దివిటీ గట్టు దాకా వచ్చి, ఇంట్లో దీపం చూసి, మెల్లగా వెనక్కి మళ్లింది. తవుడమ్మ తలుపు సందులోంచి అది చూసింది. "రేపు పలుకుతాలే," అనుకుంది.

మూడోనాడు దీపం పెట్టి, గొంతు సవరించుకుని, గుమ్మంలో నిలబడింది. పిలుపే రాలేదు.

"ఓసారి చూసొస్తాను," అని పైడయ్య దివిటీ అందుకున్నాడు.

"ఆవిడకీ పౌరుషం వచ్చిందిలే. ఇప్పుడు మనం వెళితే మనమే ఓడినట్టు. కూర్చో."

పాపం, కూర్చున్నాడు.

తెల్లవారుతూనే మేక అరుపు. మడిలో కాదు, గుమ్మంలో. పొదుగు నిండి రాయిలా ఉంది, పితికిన జాడ లేదు. తవుడమ్మ కర్ర ఎత్తలేదు. పరుగెత్తింది.

దాలమ్మ నడిమి గట్టు మీద పడి ఉంది, తవుడమ్మ ఇంటి వైపే మొహం పెట్టి. ఒళ్లు చల్లబడిపోయింది. చంకలో, తడిగుడ్డలో చుట్టిన చోడి నారుకట్ట. మేక మేసిన మూలకని తన మడిలోంచి తీసి, పొద్దుండగానే బయలుదేరి, దారిలోనే కూలిపోయింది కాబోలు.

"అత్తా! ఉన్నాను! ఉన్నానత్తా!" అని తవుడమ్మ ఎంత అరిచినా ఏం లాభం? పైడయ్య తన పైగుడ్డ తీసి ముసలమ్మకి కప్పాడు. ఆ పూటే సాగనంపారు.

మర్నాడు పొద్దున్నే పైడయ్య మేకను తెచ్చి తమ గుంజకే కట్టాడు. తవుడమ్మ అప్పన్న స్వామికి దణ్ణం పెట్టుకుని, ఆ నారు తీసుకెళ్లి, మేక మేసిన మూలలో ఒక్కొక్క మొక్కా నాటింది. నాటి, నడుమెత్తి, తూర్పుకేసి చూసి, "ఉన్నాం," అంది. చేలు విన్నాయి. వినవలసిన మనిషి లేదు.

కోపమెంతున్నా పిలుపుకు పలకండి నాయనా; రేపు పలుకుదామనుకునేసరికి పిలిచే గొంతు ఉండకపోవచ్చు.