తొలిరోజు చిక్కం

“మా కళ్లంలో వడ్లు తొక్కే ఏ మూతికీ చిక్కం కట్టం. తిరుగుతూ తిన్నంత తినండి. ఇది నా మాట.”

అడవి అంచు కళ్లానికి పెత్తందారైన రోజున నక్క జంబయ్య గడ్డివామి ఎక్కి అన్న మాటలివి. చప్పట్లు కొట్టనివాళ్లు లేరు. ఆ తర్వాత ఏడు కోతలు గడిచాయి. ఏడింటిలోనూ ఎద్దుల మూతులకు తాళ్లతో అల్లిన చిక్కాలు పడ్డాయి. పొద్దంతా గింజల మీద నడిచినవాళ్లు గింజ రుచి చూడకుండానే ఇళ్లకు పోయారు. దీన్నే క్రమశిక్షణ అన్నారు!

ఎనిమిదో కోతకు బొల్లి గిత్తకు అక్కడే పని దొరికింది. రేపే తొలిరోజు. ఇక చూడండి హడావిడి! కాకి పిన్ని అతని చెవుల్లో పిడుదులు ఏరుతోంది. మేక చుక్కత్త కొమ్ములకు ఆముదం పట్టిస్తోంది. గిత్తేమో పెరట్లో గుంజ చుట్టూ నడక సాధన చేస్తున్నాడు.

“ఎడమకు తిరగరా! కుడికి తిరిగితే పక్కవాడి కాళ్లు తొక్కుతావ్,” అంది కాకి.

“తిరుగుతున్నా పిన్నీ. నాతోపాటు పెరడు కూడా తిరుగుతోంది!”

“రేపు తినబోయే వడ్లు తలుచుకో, అదే ఆగుతుంది.”

గిత్త ఆగాడు. “మా అమ్మ ఆరు కోతలు తొక్కింది పిన్నీ. ఒక్క గింజ నమల్లేదు. నేను తిని, ఎలా ఉందో ఆమెకు చెప్పాలి.”

“చెప్పడమేంటిరా, సాధించాలి!” కరపత్రాలు నమిలి నమిలి నినాదాలు ఒంటబట్టిన మేక ఎగిరి గంతేసింది. “శ్రమ ఎవరిదో రుచి వారిదే! చిక్కాల రాజ్యం నశించాలి!”

“నశిస్తుంది గానీ, ముందు ఆ రెండో కొమ్ము సంగతి చూడత్తా.”

అంతలో జంబయ్య కొత్త చిక్కం పట్టుకుని వచ్చాడు. “ఏరా అబ్బాయ్, ముస్తాబు బాగుంది. ఈ నగ ఒక్కటే తక్కువ.”

“చిక్కం కట్టబోమని మాటిచ్చారుగా అయ్యా?”

“మాట మాటే. ఇది నిబంధన. కట్టాక పొద్దుగూకే దాకా విప్పరాదు. విప్పమని అడిగితే ఇంకో పూట అదనం. ఎవరికైనా ఇంతే, నాకైనా ఇంతే!”

మేక నోరు తెరిచేలోపే గిత్త తోకతో తట్టాడు. పడమట మబ్బు పడుతోంది. వానొస్తే కుప్పంతా తడుస్తుంది. ఈ రాత్రికే తొక్కించాలంటే నక్కకు ఇంకో ఎద్దు దొరకదు.

“కట్టుకుంటానయ్యా. కానీ ఊపిరాడదేమోనని భయం. తమరొక్కసారి కట్టుకుని చూపిస్తే, రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే వచ్చేస్తా.”

నక్క మబ్బు వైపు చూశాడు. “ఇంత పిరికి గొడ్డును ఎక్కడా చూళ్లేదు,” అంటూ చిక్కంలోకి మూతి దూర్చాడు. “చూశావా? హాయిగా…”

కాకి వెనక నుంచి తాడు లాగింది. ఒకటి కాదు, మూడు ముళ్లు వేసింది. “అక్షింతలు తేవే చుక్కా!”

గిత్త తాడు కొసను గుంజకు తగిలించాడు.

“విప్పండ్రా!”

“అయ్యో, అడిగేశారే! ఇంకో పూట అదనం,” అన్నాడు గిత్త.

“నేను పెత్తందారుని! విప్పు!”

“రెండో పూట,” అంది కాకి. “ఎడమకు తిరగండి బాబూ, కుడికి కాదు.”

మేక పీతల కూర ముంత తెచ్చి నక్క ముక్కు ముందు పెట్టింది. ఆకలేమిటో, వాసనేమిటో ఏడు కోతల తర్వాత జంబయ్యకు తెలిసొచ్చింది. విప్పమని అడిగి అడిగి, లెక్కలో పదకొండో పూట పడేసరికి కూలబడ్డాడు.

“చిక్కాలన్నీ పొయ్యిలో పెడతాను. దయచేసి విప్…” అనబోయి, ఆ మాట మింగేశాడు.

విప్పారు. చిక్కాలు కాలాయి. మబ్బు కూడా తేలిపోయింది. మర్నాడు గిత్త నోటినిండా వడ్లతో తిరుగుతుంటే, కళ్లం గట్టున అతని తల్లి వచ్చి నిలబడింది.

“ఎలా ఉందిరా?”

“నేను చెప్పడమెందుకు? నువ్వే దిగి తినమ్మా!”

ముక్కు మీద తాడు గుర్తులతో జంబయ్య దారిచ్చాడు.

నీతి: పరుల నోటికి నిబంధన రాసేవాడు ముందు దాన్ని తన నోటికి కట్టి చూసుకోవాలి.

మిగతా కళ్లాల పెత్తందారులారా, మీ చిక్కాలు ఎప్పుడు విప్పుతారు? ఈ కోతలు ముగిసే డిసెంబరు ఇరవై సాయంత్రంలోగా జవాబు కావాలి.