సింగన్న కట్టిన ఇసుక కట్ట

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు. నేను మాత్రం అండమాన్ దీవుల్లో ఒక వాగు అడుగున, వానాకాలమంతా ఊపిరి బిగబట్టి కూర్చుని, ఈ రెండు కళ్ళతో చూశాను!

ఆ వాగులో సింగన్న అని ఒక దొందు చేప. చూడబోతే చిటికెనవేలంత, పౌరుషం ఏనుగంత. పొట్టకింద గిన్నెలాంటి రెక్కని రాతికి అంటించి, మబ్బుల్ని చీల్చే జలపాతాన్ని ఎదురెక్కి వచ్చినవాడు! అంతటివాడు వాగు పక్క గుంటలో, రాయి కింద గుడ్లకి కాపలా కూర్చుని బెంగతో చిక్కిపోయాడు. ఎందుకంటే, గుడ్డు పగిలిందో లేదో పిల్లని వాగుకి వదిలెయ్యడం దొందుల ఆచారం. అది సముద్రానికి కొట్టుకుపోయి, అక్కడ కాస్త పెరిగి, మళ్ళీ జలపాతం ఎక్కి రావాలి.

పీత బసవయ్య పక్కవాటుగా చేరాడు.

"అల్లుడూ, పోయినసారి పంపిన పిల్లల్లో ఒక్కడైనా తిరిగొచ్చాడా?"

"లేదు మావా."

"సముద్రమంటే అంతా నోళ్ళేనయ్యా! వీళ్ళనైనా ఈ గుంటలోనే పెంచుకో. గట్టు మీద నేనుంటాను. నా పట్టు తెలుసుగా?"

పిల్లలు బలిసేదాకా ఆగి విందు చేసుకోవాలని బసవయ్య ఆశ.

ముసలి రొయ్య పోలమ్మ మీసాలు విదిలించింది. "ఒరే సింగా, వాడి మాట వినకురా! ఉప్పునీళ్ళే పసివాళ్ళకి మొదటి ముద్ద. నా పిల్లల్నీ ఏడుస్తూనే పంపాను."

"నీది రాతిగుండె అత్తా, నాది కాదు," అన్నాడు సింగన్న. నోటితో ఇసుక మోసి మోసి గుంట మూతికి కట్ట వేశాడు.

గుడ్లు పగిలాయి. నీళ్ళల్లో మెరుపు చల్లినట్టు పిల్లలు! నేను అడుగునే చప్పట్లు కొట్టాను. కానీ వాళ్ళు పాచి ముట్టలేదు. అందరూ కట్ట దగ్గర చేరి దాన్నే పొడుస్తూ ఉండిపోయారు.

"నాన్న నేనిక్కడుంటే ఎక్కడికిరా?" అని బతిమాలేవాడు సింగన్న.

ఆకలికి ఒక్కొక్కరే రాలిపోతూ, రోజురోజుకీ మెరుపు పలచబడింది. ఒక పొద్దున చూస్తే ఉత్త నీళ్ళు.

బసవయ్య గుంటంతా తడిమాడు. "బలిశారా అల్లుడూ?"

"లేరు మావా."

పీత ఖాళీ కడుపుతో పక్కకి జరుగుతూ వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే జలపాతం అంచున చిన్న చిన్న తలలు లేచాయి. పోయినసారి పంపిన పిల్లలు! ఉప్పువాసనతో, రొప్పుతూ.

"నాన్నా, తమ్ముళ్ళు ఎప్పుడు బయల్దేరారు? దారిలో ఎదురవలేదే!"

సింగన్న ఆ కట్ట కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

పంపాల్సిన పిల్లల్ని భయంతో ఆపుకున్నవాడికి, ఎదురుచూడ్డానికి కూడా వాళ్ళలో ఎవరూ మిగలరు.

కోతలంటారా? ఆ రాయి కిందే ఉంటుంది, వెళ్ళి అడగండి: రొయ్య పోలమ్మ.