చీమకు దారి, ఈగకు దెబ్బ

మద్దిలేటి కర్ర తీసుకోనన్నాడు.

సాము నేర్పే ఆ కర్నూలు తాలింఖానాలో అంతకుముందు అలా అన్నవాడు లేడు. దస్తగిరి ఉస్తాద్ తన చేత్తో కర్ర ఇచ్చాడంటే, ఇక నువ్వూ నలుగురికి కర్రసాము నేర్పవచ్చని అర్థం. దానికోసం మద్దిలేటి ఏళ్ల తరబడి ఒళ్లు కమిలేలా దెబ్బలు తిన్నాడు. తీరా ఆ రోజు వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది నీ బాధ?" అన్నాడు ఉస్తాద్.

"నిన్న టీవీలో రెండు కుంగ్‌ఫూ సినిమాలు చూసినాం ఉస్తాద్. మొదటి దాంట్లో గురువు చీమను తొక్కకుండా అడుగు పక్కకు వేసినాడు. చీమదైనా ప్రాణమే అన్నాడు. రెండో దాంట్లో అదే ముసలాయన, అదే గడ్డం. అన్నం తింటా తింటా రెండు పుల్లలతో ఈగను పట్టి నలిపి పారేసినాడు. వీళ్లు రెండింటికీ ఈలలేసినారు."

"చప్పట్లు కూడా కొట్టినాం," అన్నాడు తోటి శిష్యుడు చాంద్‌బాషా.

"చంపొచ్చా, చంపకూడదా? రేపు పిల్లలు అడిగితే నేనేం చెప్పాల? మీరు తేల్చేదాకా ఆ కర్ర ముట్టను."

అడగాల్సిన మాటే. గురువన్నవాడు తప్పించుకోకూడని మాట.

ఉస్తాద్ బల్ల మీద కూర్చున్నాడు. ఎదుటి గుంజ మీద ఈగ వాలింది.

"దాన్ని కర్ర కొసతో కొట్టగలవా? గుంజ కదలకూడదు."

మద్దిలేటి కళ్లు మెరిశాయి. గోడకు ఆనించిన పాత కర్ర అందుకున్నాడు. కర్ర గిర్రున తిరిగి టక్కున ఆగింది. గుంజ కదల్లేదు. ఈగ లేదు. మద్దిలేటి ఛాతీ విరుచుకుని అందరివైపూ చూశాడు.

"ఇంతకీ నువ్వు ఏ సినిమాలో గురువువిరా?" అన్నాడు చాంద్‌బాషా.

తాలింఖానా అంతా నవ్వులే. మద్దిలేటి మొహం కందిపోయింది. కాసేపటికి వాడికీ నవ్వు ఆగలేదు.

"నాదేముంది, నేర్చుకునేవాణ్ని," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "మీరు చెప్పండి ఉస్తాద్."

ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు. బల్ల కింద చీమలబారు పోతోంది. అది చూసి కాళ్లు రెండూ పైకెత్తి మఠం వేసుకున్నాడు. అంతలోనే ఆయన చేయి లేచి మెడ మీద ఫట్‌మని పడింది.

ఉస్తాద్ అరచేయి తిప్పి చూసుకున్నాడు. దోమ చచ్చింది.

దాచలేదు. అరచేతిని మద్దిలేటి ముందుకు చాపాడు.

"కాళ్లు నేర్చుకున్నాయి బేటా. చేయి ఇంకా నేర్చుకోలేదు."

"మరి పిల్లలకు ఏం చెప్పాల?"

"ఇదే చెప్పు."

మద్దిలేటి ఆ ముసలి చేతిని చూశాడు. తర్వాత నవ్వుతూ, కర్ర కోసం రెండు చేతులూ చాచాడు.