ముగ్గురు నేస్తాల్లో ఒక్కడు

ఎన్ని తరాల కిందటి మాటో నాకూ తెలియదు పిల్లలూ, చందనగిరి అనే రాజ్యాన్ని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయన కొడుకు మణికేతుడు. మంచివాడే, ధైర్యం ఉన్నవాడే. కానీ ఏదీ తేల్చుకోలేడు. పొద్దున్నే ఏ కాలికి ముందు చెప్పు తొడుక్కోవాలో తెలియక గడపలో నిలబడిపోయేవాడు.

"నేస్తం, ఏ కాలు?" అని అరిచేవాడు.

"కుడికాలు, నేస్తం!" అని ఏనుగులసాలలోంచి జవాబొచ్చేది.

ఆ జవాబు మావటి కొడుకు సింగన్నది. మావటి అంటే ఏనుగును సాకేవాడు, నడిపేవాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఇద్దరు పిల్లలు ఒకరి చేతికి ఒకరు పసుపుదారం కట్టుకుంటే నేస్తం కట్టినట్టు. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే ఆ పేరుగలవాడి ఆయుష్షు తరిగిపోతుంది. మణికేతుడు, సింగన్న ఏడేళ్లప్పుడు నేస్తం కట్టారు. అప్పటి నుంచి వీడికి వాడు నేస్తం, వాడికి వీడు నేస్తం. మనం దారం కట్టలేదు కాబట్టి మనం పేర్లు చెప్పుకోవచ్చు.

మణికేతుడికి పొరుగు రాకుమారి తరళతో పెళ్లి కుదిరింది. ముహూర్తం మూడు రోజులు ఉందనగా ధూపకేశుడనే మాంత్రికుడు ఆమెను ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల రాతికోటలో దాచేశాడు.

"వెళ్దామా నేస్తం? ఎటు వెళ్దాం? ఎలా వెళ్దాం?" అన్నాడు మణికేతుడు.

"వెళ్దాం. మిగతావి దారిలో ఆలోచిద్దాం," అన్నాడు సింగన్న.

మూడు అడవులు దాటారు, మూడు కొండలు దాటారు, సముద్రం ఒడ్డుకు వచ్చారు. అక్కడ ఇసుకలో ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. సింగన్న భుజం ఆనించి దాన్ని తిరగేశాడు. తాబేలు ఇద్దరినీ వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

దిగేటప్పుడు చెప్పింది: "ధూపకేశుడి ప్రాణం పంజరంలో ఉన్న పచ్చచిలకలో ఉంది. ఆ పంజరం కత్తికి తెగదు. తాళంచెవి వాడంతట వాడు ఇవ్వాల్సిందే."

"ఎందుకిస్తాడు?" అన్నాడు మణికేతుడు.

"పందెం ఓడితే ఇస్తాడు నాయనా. పందెమంటే వాడు తిండి కూడా మానేస్తాడు."

కోటకు రెండు వాకిళ్లు. ఏ వాకిలో తేల్చుకోలేక మణికేతుడు అటూ ఇటూ చూస్తుంటే, "నువ్విక్కడే ఉండు, నేను చూసొస్తా," అని సింగన్న ఎడమ వాకిట్లోంచి లోపలికి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. చివరికి మణికేతుడే కత్తి దూసుకుని లోపలికి పోయాడు.

లోపల సింగన్న ఉన్నాడు. ఒక్కడు కాదు, ముగ్గురు! అదే తలపాగా, అదే చెవిపోగు, ముగ్గురి చేతికీ వెలిసిపోయిన అదే పసుపుదారం.

ధూపకేశుడు పొగలాంటి జుట్టు ఊపుతూ నవ్వాడు. "పందెం కాస్తావా అబ్బాయ్? ఇద్దరు నా మాయ, ఒకడు నీవాడు. మూడు ప్రశ్నలు అడుగు. పొద్దు వాలేలోగా నీవాడి చెయ్యి పట్టుకుంటే తాళంచెవి నీది. తప్పు చెయ్యి పట్టుకుంటే మీరిద్దరూ రాళ్లు. ఇంకొకటి, అడిగినదానికి జవాబు చెప్పనివాడు అక్కడికక్కడే రాయైపోతాడు."

మణికేతుడు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఎవరిని అడగాలి? ఇన్నాళ్లూ అడగడానికి ఉన్నది వాడొక్కడే. ఇప్పుడు వాడే ముగ్గురయ్యాడు!

"గున్న ఏనుగు అలిగితే ఏం పెడతావు?"

"చెరుకుగడ, నేస్తం," అన్నారు ముగ్గురూ.

"చిన్నప్పుడు నేను మామిడిచెట్టు మీద ఎందుకు ఏడ్చాను?"

"ఏ కొమ్మ మీంచి దిగాలో తెలియక, నేస్తం."

ధూపకేశుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "వాడికి తెలిసినవన్నీ నా వాళ్లకీ తెలుసులే!"

కిటికీలో ఎండ ఎర్రబడింది. మణికేతుడికి దిక్కు తోచలేదు. తోచక, నోటికొచ్చింది అడిగేశాడు. "నా పేరేమిటి?"

"మణికేతుడు," అన్నాడు మొదటివాడు.

"మణికేతుడు," అన్నాడు రెండోవాడు.

మూడోవాడు మాట్లాడలేదు.

'అమ్మయ్య, జవాబు తెలియనివాడు మాయవాడే. ఒకడు పోయాడు,' అనుకుని మణికేతుడు మొదటివాడి వైపు చెయ్యి చాపాడు. అంతలో కటకటమని చప్పుడు. మూడోవాడి పాదాలు రాయైపోయాయి. మోకాళ్లు రాయైపోయాయి. నడుము రాయైపోయింది. అయినా వాడు పెదవులు బిగించి మణికేతుడినే చూస్తున్నాడు.

'ఒక్క మాట అంటే బతుకుతాడు కదా, ఎందుకు అనడు?' అనుకున్నాడు మణికేతుడు. అప్పుడు తన చేతికున్న పసుపుదారం కంటబడింది. తను ఎంత పని చేశాడు!

చూశారా పిల్లలూ, ఆ ఆచారం మాయవాళ్లకీ తెలుసు. కానీ తెలియడం వేరు, దాని కోసం రాయైపోవడం వేరు.

ఈసారి మణికేతుడు ఎవరినీ అడగలేదు. ఒక్క గెంతు గెంతి, చల్లబడిపోయిన ఆ రాతిచెయ్యి పట్టుకున్నాడు. "వీడే నా నేస్తం!"

మిగతా ఇద్దరూ పొగై తేలిపోయారు. ధూపకేశుడు పళ్లు కొరుకుతూ తాళంచెవి విసిరేశాడు. మణికేతుడు ఆ గది మూల వేలాడుతున్న చిలక పంజరం తెరిచాడు. చిలక మెడ విరవలేదు, పాపం దానిదేం తప్పు? "పో తల్లీ," అన్నాడంతే. చిలక ఎగిరింది. అది ఒక్కో సముద్రం దాటుతుంటే ధూపకేశుడు ఒక్కో జానెడు తరిగాడు. ఏడోది దాటేసరికి ఆరిన వత్తి మీద పొగంత మిగిలి, అదీ పోయింది.

సింగన్న మెడ కదిలింది, చేతులు కదిలాయి. ఊపిరి పీల్చుకుని మొదట తిట్టాడు. "అడగడానికి ఇంకే ప్రశ్నా దొరకలేదా నేస్తం?"

"నువ్వు లేవుగా! ఎవరిని అడిగి అడగను?" అని మణికేతుడు వాణ్ని వాటేసుకుని భోరుమన్నాడు.

రాతిగదిలోంచి తరళ బయటికొచ్చింది. సింగన్నను చూసి, "ఈయన పేరేమిటి?" అని అడిగింది. మణికేతుడు చప్పున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

చందనగిరిలో మూడు వారాలు పెళ్లి జరిగింది. మణికేతుడు రాజై, తరళ రాణియై అరవై ఏళ్లు చల్లగా ఏలారు. సింగన్న మంత్రి అయ్యాడు. అయినా మంత్రి పేరు రాయాల్సిన చోటల్లా రాజు 'నేస్తం' అనే రాసేవాడు. ముసలివాడయ్యాక కూడా పొద్దున్నే గడపలో నిలబడి అరిచేవాడు.

"నేస్తం, ఏ కాలు?"

"కుడికాలు, నేస్తం!"