కందిగింజా, కుంకుడుగింజా?

తుపాకి లైసెన్సు చేతికొచ్చాక సుబ్బనరసయ్యకు ఉన్న కాస్త నిద్ర కూడా పోయింది.

ఆయన ప్రొద్దుటూరులో విత్తనాల వ్యాపారి. ఊరి చివర, ఇంకా మనుషులు కాపురానికి రాని లేఅవుటులో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఏడాది దొంగలు రెండుసార్లు పెరటి తలుపు మీద పడ్డారు. రెండోసారి గడియ ఊడి వచ్చింది. వీధి కుక్కలు మొరగబట్టి పారిపోయారు గానీ, ఆ రోజు నుంచి భార్య పద్మావతి తెల్లవారేదాకా వంటింటి వైపు తొంగి చూడదు.

తిరుపతిలో చదువుకుంటున్న కూతురు హిమజకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు, పిల్ల బెదురుతుందని. ఆ పిల్లదొక తరహా. సెలవులిస్తే ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి, చెప్పాపెట్టకుండా, ఇంకా చీకటి ఉండగానే దిగబడుతుంది. గేటు చప్పుడైతే అమ్మానాన్నల నిద్ర చెడుతుందని ప్రహరీ గోడ దూకి వచ్చి పెరటి తలుపు దగ్గర కూచుంటుంది. ఇది ఆ ఇంట్లో అందరూ చెప్పుకుని నవ్వుకునే ముచ్చట.

పక్క వీధిలో ఒక రిటైర్డ్ ఎస్సై ఉన్నాడు. సలహా అడగకపోయినా ఇచ్చే మనిషి. "అలికిడి అయితే నోరు మెదపగూడదు శెట్టీ. నువ్వు మేలుకున్నావని వాడికి తెలిసిందా, ఆట వాడిదే" అన్నాడు. అప్పటినుంచి సుబ్బనరసయ్య ఎండుటాకు రాలినా లేచి, ఇనుప కడ్డీ పట్టుకుని, పెరటి తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడుతున్నాడు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టించింది కూడా ఆ ఎస్సైయే.

లైసెన్సు వచ్చింది. గడువు లోపల తుపాకి కొని చూపించాలి. కడపలో ఆయుధాల దుకాణానికి వెళితే, దుకాణదారు మూడు రకాలు చూపించాడు. మూడింటికీ అంకెలున్నాయి. పాయింట్ టూ టూ, పాయింట్ త్రీ టూ, పాయింట్ ఫోర్ ఫైవ్. గుండు ఎంత లావో చెప్పే అంకెలవి.

చిన్నదైతే చెయ్యి అదరదు, పద్మావతి కూడా కాల్చగలదు. కానీ తగిలినవాడు ఆగుతాడని నమ్మకం లేదు. పెద్దదైతే ఆగుతాడు. కానీ పేల్చినవాడి మణికట్టు అదిరిపోతుంది, గుండు వాడిలోంచి దూరి ఇంకెందాకా పోతుందో కూడా చెప్పలేం. నడిమిది అందరూ కొనేదే అన్నాడు దుకాణదారు. అందరూ కొనే విత్తనం ఎలాంటిదో సుబ్బనరసయ్యకు బాగా తెలుసు. అందుకని ఆ మాట ఆయన చెవికెక్కలేదు.

ఎస్సై పెద్దదే కొనమన్నాడు. పద్మావతి తమ్ముడు చిన్నదే మేలన్నాడు. ఎవరి మాట వింటే వాళ్లదే నిజమనిపించింది. ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏ వస్తువునైనా అరచేతిలో వేసుకుని తూకం చూస్తే గానీ మనసు ఊరుకోదు. ఈ వస్తువును తూచే తక్కెడ ఎక్కడా దొరకలేదు. ఆఖరికి మౌలాలి సాయిబు దగ్గరికి బయల్దేరాడు.

ఎర్రమల కొండల కింద చిన్న దర్గా ఒకటి ఉంది. దాన్ని చూసుకునే ఫకీరు మౌలాలి సాయిబు. డెబ్భై దాటిన మనిషి. దర్గా వెనక ఉన్న జొన్న చేనే ఆయనకు ఆధారం. సుబ్బనరసయ్య పెళ్లి కాకముందు నుంచీ ఆయన శిష్యుడు. విత్తనం మొలవకపోయినా, మనసు చెదిరినా అక్కడికే పోతాడు.

"స్వామీ, ఒక సందేహం" అన్నాడు చాప మీద కూచుని.

"సందేహం లేకుండా నువ్వెప్పుడొచ్చినావు నర్సయ్యా? చెప్పు."

సుబ్బనరసయ్య జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. ఆయన జేబులో ఎప్పుడూ పది రకాల గింజలు ఉంటాయి. ఒక కందిగింజ, ఒక శనగగింజ, ఒక కుంకుడుగింజ ఏరి చాప మీద వరసగా పెట్టాడు. దొంగల సంగతి, లైసెన్సు సంగతి చెప్పి, "గుండ్లు మూడు రకాలు స్వామీ. రవ్వంత అటూ ఇటూగా ఇవీ సైజులు. నా ఇల్లు కాపాడుకోవాలంటే ఏది మంచిది?" అని అడిగాడు.

సాయిబు కోప్పడతాడేమో అనుకున్నాడు. తుపాకులు మనకెందుకురా అంటాడనుకున్నాడు. సాయిబు మాత్రం ముందుకు వంగి, కందిగింజను రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకేసి చూశాడు.

"ఇంత గింజా మనిషిని పడేసేది?"

"పడేస్తాది అనేవాళ్లుండారు, పడెయ్యదు అనేవాళ్లుండారు."

"సద్దు?"

"చెవులు చిల్లులు పడతాయి స్వామీ."

"అది పేల్చినాక గదా. పేల్చకముందు?"

"పేల్చకముందు ఏం సద్దుంటాది? ఏమీ ఉండదు."

"ఓహో" అన్నాడు సాయిబు, కొత్త సంగతి తెలిసిన చిన్నపిల్లాడిలా. గింజను జాగ్రత్తగా మిగతా రెండింటి పక్కన పెట్టేశాడు. "నా మంచె కాపలాదారుడు పెండ్లికి పాయ నర్సయ్యా. జొన్న పాలకంకి మీద ఉండాది. పిట్టలు ఊడ్చుకోని తింటాండాయి. ఈ పూట నువ్వు మంచె ఎక్కు. నీ సంగతి తర్వాత చూద్దాం."

పిట్టల మీదికి ఉండలు విసిరే వడిసెల తెచ్చి ఇచ్చాడు. నడుమ జాలీ, రెండు పక్కలా తాళ్లు. చిన్నప్పుడు చింతచెట్ల మీదికి వడిసెల తిప్పిన చెయ్యే కాబట్టి సుబ్బనరసయ్యకు అది కొత్త కాదు. కానీ చేను కాయడం మాత్రం ఆయన ఎరగడు. బుట్టెడు మట్టుండలు కూడా ఇచ్చాడు సాయిబు. నల్లమట్టి తడిపి, ఉండలు చేసి, ఎండబెట్టినవి.

"రాయి పెట్టద్దు. ఈ మట్టుండలే. ఇసిరే ముందు గట్టిగా కూత పెట్టల్ల. కూత లేకుండా ఇసరద్దు."

"సరే స్వామీ" అన్నాడు గానీ, మట్టుండను అరచేతిలో ఎగరేసి చూసి, మనసులోనే పెదవి విరిచాడు. దేనికి తగిలినా పిండి అయిపోయే సరుకు. గట్టు మీద నడుస్తుంటే కోడిగుడ్డంత నున్నటి గుండ్రాయి ఒకటి కనబడింది. బరువు చూశాడు. చేతిలో ఎంచక్కా కుదిరింది. చొక్కా జేబులో వేసుకున్నాడు.

మంచె మీది నుంచి చూస్తే చేను మనిషెత్తు దాటి నిండుగా ఉంది. గాలికి కంకులు ఊగుతున్నాయి. చిలకలు ఒక పక్క, పిచ్చుకలు ఒక పక్క వాలాయి. సుబ్బనరసయ్య వడిసెలలో ఉండ పెట్టి, "ఓ... హోయ్" అని కూత పెట్టాడు. దూరంగా ఎవరో "ఓ..." అన్నారు. గొడ్లను అదిలిస్తున్నారేమో అనుకున్నాడు. వడిసెల గిరగిరా తిప్పి ఒక కొస వదిలాడు. ఉండ పోయి పడేసరికే పిట్టలు లేచిపోయాయి.

పొద్దు ఎక్కేదాకా ఇదే వరస. కూత పెట్టడం, ఎక్కడి నుంచో "ఓ..." అని వినబడటం, పిట్టలు లేవడం, ఉండ ఖాళీ కంకుల మీద పడటం.

ఆయన బుర్ర ఊరుకునేది కాదు కదా. బుట్టలో ఉండలన్నీ ఒక్క సైజువి కావని గమనించాడు. అంతే, దుకాణంలో విత్తనాలు వేరు చేసినట్టు వాటిని మూడు కుప్పలు చేశాడు. చిన్నవి కంది, నడిమివి శనగ, పెద్దవి కుంకుడు. సాయిబు తన ప్రశ్నకు జవాబు చేతికే ఇచ్చాడని అప్పుడనిపించి, ఒళ్లు పులకరించింది. ఏ ఉండకు ఎంత గురి, దేనికి ఎంత దెబ్బ, ఇక్కడే తేల్చుకోవచ్చు.

అయితే ఒక చిక్కు. పిట్టలు వాలి ఉంటే కదా దెబ్బ తెలిసేది. కూత పెడితే అవి ముందే లేచిపోతున్నాయి. పిట్టలను లేపడానికే అయితే కూతొకటి, ఉండొకటి, రెండూ ఎందుకు? ఇలా తర్కించి కూత మానేశాడు.

మంచె మీద చప్పుడు చేయకుండా కూచున్నాడు. చిలకలు నమ్మి దగ్గరికొచ్చాయి. చిన్న ఉండ విసిరాడు. గాలికి పక్కకు పోయింది. నడిమిది విసిరాడు. గురి కుదిరింది, కంకి ఊగింది, చిలక మాత్రం తాపీగా ఎగిరింది. ఇక పెద్దది. దాని తర్వాత జేబులో గుండ్రాయి ఎలాగూ ఉంది. అదీ ఒకసారి చూసేస్తే సందేహమే ఉండదనుకున్నాడు.

చేను నడుమ గుంపు వాలింది. పెద్ద ఉండను జాలీలో కుదురుగా పెట్టి, లేచి నిలబడి, తల చుట్టూ మూడు చుట్లు తిప్పి వదిలాడు. చేతిలోంచి కొస జారిన క్షణంలోనే కంకుల మధ్య నుంచి ఒక గడ్డిమోపు పైకి లేచింది. మోపు కింద ఒక మనిషి తల.

సుబ్బనరసయ్య నోరు తెరిచాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఉండ పోయి మోపుకు తగిలి పగిలింది. నల్లటి దుమ్ము లేచింది. "అమ్మా" అని ఒక ఆడమనిషి కేక, మోపు కింద పడిన చప్పుడు.

సుబ్బనరసయ్య నిచ్చెన ఎలా దిగాడో ఆయనకే తెలియదు. కంకులు మొహానికి కొట్టుకుంటుంటే పరుగెత్తాడు. సాలు నడుమ జైనబ్బీ అవ్వ కూచుని ఉంది. సాయిబు భార్య. నెత్తిన, భుజాల మీద మట్టి. చేతిలో కొడవలి. కళ్లు నులుముకుంటూ ఆయన్ను చూసింది.

"అవ్వా, దెబ్బ తగిలిందా?"

"కూత ఏమాయ శెట్టీ?"

"కూత పెడితే పిట్టలు లేచిపోతాండాయని..."

"పిట్టలకు కూత ఎవురు పెడతార్రా? పిట్టలకు వడిసెల ఉండనే ఉండాదే. కూత చేన్లో ఉండే మనుషులకు. పొద్దున్నించి నువ్వు కూసినప్పుడల్లా 'ఓ' అంటానే ఉంటి గదా. కూత నిలిచిపాయ. సరే, శెట్టి దిగి బువ్వకు పోయినాడు గామాల అనుకోని చేను నడుమకు వస్తి."

సుబ్బనరసయ్య అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

కేక విని సాయిబు వచ్చాడు. ముందు భార్య తల పట్టి చూశాడు. కండువాతో ఆమె మొహం తుడిచాడు. ఆమెకేమీ కాలేదని తెలిశాక, మోపులో చిక్కిన మట్టిపెళ్ల ఒకటి తీసి చూశాడు.

"ఇది ఏ కుప్పలోది నర్సయ్యా?"

"పెద్దది స్వామీ" అన్నాడు సుబ్బనరసయ్య. "కుంకుడుగింజ."

"పని చేసిందా?"

"నెత్తిన మోపు లేకుంటే బాగానే చేసుండు" అంది జైనబ్బీ, కొంగు దులుపుకుంటూ.

సుబ్బనరసయ్య జేబులోంచి గుండ్రాయి తీశాడు. పొద్దున చేతిలో అంత ఎంచక్కా కుదిరిన రాయి. దాన్ని నేల మీద పెట్టాడు. అవ్వ ఆ రాయిని చూసింది, ఆయన మొహం చూసింది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది. ఆయనకు ఏడుపొచ్చింది. యాభై ఏళ్ల మనిషి, పంచె కొస మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వాళ్లిద్దరూ ఏడవనిచ్చారు.

కాసేపటికి అన్నాడు, "ఎల్లుండి నించి దసరా సెలవులు స్వామీ. మా హిమజ ఏ బస్సుకొస్తాదో చెప్పదు. గోడ దూకి వస్తాది."

"వస్తే?"

"నేను తలుపెనక నిలబడి ఉంటా. సద్దు చేయకుండా."

సాయిబు పడిపోయిన వడిసెలను తెచ్చి, కండువాతో దుమ్ము దులిపి, తాళ్లు సరిచేసి ఆయన చేతికిచ్చాడు. జైనబ్బీ మోపు నెత్తికెత్తించుకుని కంకుల్లోకి నడిచి కనుమరుగైంది.

"పిట్టలు మళ్లా వచ్చినాయి నర్సయ్యా. మంచె ఎక్కు."

"స్వామీ, మరి సైజు?"

"ముందు కూత పెట్టు. ఎవురూ పలక్కపోతే అప్పుడు అడుగు, కందిగింజా కుంకుడుగింజా అని."

సుబ్బనరసయ్య మంచె ఎక్కాడు. చేను నడుమ చిలకల గుంపు వాలి ఉంది. వడిసెలలో ఉండ పెట్టుకున్నాడు. గుండెల నిండా గాలి పీల్చి, "ఓ... హోయ్" అని కూత పెట్టి, చెవులు రిక్కించి నిలబడ్డాడు.

గాలికి జొన్నాకులు గలగలమన్నాయి. ఇంకా ఆగాడు.

"ఓ... నేనే!" అని వినబడింది చేను లోపలి నుంచి.

సుబ్బనరసయ్య వడిసెలను కిందికి దించాడు.